నంద్యాల–ఎర్రగుంట్ల లైను లాంటి చిన్న మోడల్ రైల్వేను డిజైన్ చేయడం ఎలా?

మోడల్ రైల్వే అనగానే చాలామంది బల్ల మీద గుండ్రంగా పట్టాలు పరిచి, ఖాళీ కనిపించిన చోటల్లా ఇంకో లైను వేసేస్తారు. మన పల్లె లైన్లు అలా ఉండవు. నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు పోయే లైనే చూడండి: సుమారు 123 కిలోమీటర్లు, 2016లో ప్యాసింజర్ మొదలైంది, బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోతుంది. ఎక్కువ దూరం అటూ ఇటూ పొలాలే. ఆ ఖాళీయే ఈ లైను అందం, దాన్ని పట్టాలతో నింపేయకండి.

1. ముందు రైళ్ల పని రాసుకోండి

పట్టాలు కొనకముందే ఒక కాగితం తీసుకుని మీ స్టేషన్‌లో ఏం జరగాలో రాయండి. ప్యాసింజర్ వచ్చి లూప్‌లో (మెయిన్ లైను నుంచి విడిపోయి మళ్లీ దానిలోనే కలిసే పక్క లైను) ఆగుతుంది, ఎర్రగుంట్ల వైపు నుంచి సిమెంటు గూడ్స్ మెయిన్ మీద దాటిపోతుంది, ఆ క్రాసింగ్ అయ్యాకే ప్యాసింజర్ కదులుతుంది; ఇంకో గూడ్స్ రెండు ఎరువుల వ్యాగన్లను సైడింగ్‌లో (వ్యాగన్లు నిలిపే, ఒక చివర మూసి ఉండే లైను) వదిలి పోతుంది. అంతే. దీనికి మెయిన్, లూప్, సైడింగ్ అనే మూడు లైన్లు, రైలును ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్లించే మూడు పాయింట్లు చాలు. నాలుగో లైను వేయాలనిపిస్తే దాని మీద ఏ రైలు ఏ పని మీద నిలబడుతుందో చెప్పగలగాలి, లేకపోతే వద్దు.

2. స్కేలు

ఈ మోడల్‌కు వాడే స్కేలు హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. కాబట్టి లెక్క ప్రకారం పట్టాల మధ్య 19.3 మి.మీ. రావాలి, కానీ దొరికేది 16.5 మి.మీ. ట్రాక్. దానితోనే కానిచ్చేయండి, కంటికి పెద్దగా తెలియదు. ఒకప్పటి ధర్మవరం–పాకాల మీటర్ గేజ్ చేయాలనుకునేవాళ్లకు మాత్రం 12 మి.మీ. ట్రాక్ దాదాపు సరిగ్గా సరిపోతుంది.

3. కొలతలు

ఐసీఎఫ్ రకం ప్యాసింజర్ పెట్టె ఈ స్కేలులో సుమారు 25.6 సెం.మీ., డబ్ల్యూడీఎమ్-2 డీజిల్ ఇంజిన్ దాదాపు 20 సెం.మీ. ఇంజిన్, మూడు పెట్టెలు కలిపితే మీటరు లోపే. అందుకని లూప్‌లో పాయింట్లు పోగా రైలు నిలిచే చోటు 110 సెం.మీ. ఉండేలా గీయండి. స్టేషన్‌కు గోడ వెంట 8 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పలక పెట్టి, రెండు చివరలా 4 అడుగుల విడి పలకలు తగిలించండి. అవే మీ నంద్యాల, ఎర్రగుంట్ల. రైళ్లు అక్కడ దాక్కుని మళ్లీ వస్తాయి. మలుపు తప్పదంటే వ్యాసార్థం 60 సెం.మీ. తగ్గనివ్వకండి, పొడుగు పెట్టెలు ఇరుకు మలుపులో అసహ్యంగా బయటకు పొడుచుకొస్తాయి.

కొలతలు తేలాక అసలు సైజులోనే పాత న్యూస్‌పేపర్ల మీద గీసి నేలమీద పరచి చూడండి. మెయిన్ లైనును పలక అంచుకు సమాంతరంగా కాకుండా కాస్త వాలుగా పెడితే స్టేషన్ ఎంత సహజంగా కనిపిస్తుందో మీకే తెలుస్తుంది.

4. పట్టాలు, వైర్లు

మన ఎండల్లో మిద్దె మీది గది బాగా కాగిపోతుంది. పట్టాల అతుకులన్నీ బిగించి టంకం వేయకుండా, కొన్నిచోట్ల సన్నని సందు వదలండి. ఇంజిన్‌కు పట్టాల ద్వారా అందే కరెంటు కోసం అతుకుల మీదే ఆధారపడకుండా ప్రతి ట్రాక్ ముక్కకూ కింద నుంచి వైరు ఇవ్వండి. మీ మోడల్‌ది డీజిల్ ఇంజిన్ల కాలమే అనుకుంటే కరెంటు తీగల స్తంభాల పని ఉండదు.

5. నేల

ఇక్కడ తొందరపడకండి, ఊరు కనిపించేది ఇక్కడే. అసలు నల్లరేగడి మట్టినే ఎండబెట్టి జల్లించి, నీళ్లతో పలచగా పూయండి. పొలంలో లాగే ఆరుతూ సన్నగా పగుళ్లిస్తుంది. పొలాల గట్లకు నాపరాళ్లు నిలబెట్టిన కంచె మాత్రం మర్చిపోవద్దు, కోవెలకుంట్ల, కొలిమిగుండ్ల వైపు చూసినవాళ్లు దాన్ని చూడగానే గుర్తుపడతారు. బూడిద రంగు అట్టముక్కలు చాలు. వెనక గోడ మీద ఎర్రమల కొండలను చదునైన తలలతో, తక్కువ ఎత్తులో, లేత రంగులో వేయండి. చెట్లు రెండు మూడు వేపలు, కాసిన్ని తుమ్మలు, అంతకంటే ఎక్కువ వద్దు.

పట్టాల మధ్య కంకరకు బండల పాలిష్ యూనిట్ దగ్గర దొరికే రాతి నలుసు వాడండి. ఒక్కో రేణువు అర మి.మీ. నుంచి ముప్పావు మి.మీ. ఉంటే స్కేలుకు సరిపోతుంది. మట్టి అయినా కంకర అయినా ముందు అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసేయండి, లేకపోతే అది ఇంజిన్ మోటారులోకి పోతుంది. పరిచాక సబ్బు చుక్క కలిపిన నీళ్లు చిలకరించి, సగం నీళ్లు సగం ఫెవికాల్ చుక్కలుగా వేయండి. పాయింట్ల కదిలే భాగాల దగ్గర జిగురు పడనివ్వద్దు. పూర్తిగా ఆరాక పాయింట్లు రెండు వైపులా కదిపి చూసి, పట్టాల పైభాగం తుడిచి, అప్పుడు ఇంజిన్ పెట్టండి.