ఓట్స్, గింజల క్రాకర్లు (కరకరలాడే పలచని బిస్కెట్లు) చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అవిసె, నువ్వులు, గుమ్మడి గింజలను కలిపే ముందు ఒక్కొక్కదాన్నీ విడిగా నమిలి చూడండి. నిల్వ ఉన్న గింజల్లోని నూనె ముక్కవాసన పడుతుంది కనుక, ఏ ఒక్కటి చేదెక్కినా ట్రే మొత్తం వృథా అవుతుంది. తినేవారిలో ఎవరికైనా నువ్వులు పడవేమో తప్పక అడగండి. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడనివారుంటే, ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం ఉన్నందున, గ్లూటెన్ రహితమని ముద్రించిన ప్యాకెట్‌నే కొనాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఓపిక. అవిసె గింజలు నీటిని పీల్చుకుని జిగురు వదిలితేనే ముద్ద విడిపోకుండా నిలుస్తుంది కాబట్టి, కలిపాక కనీసం 20 నిమిషాలు నాననిచ్చేంత వ్యవధి ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి. మైనపు కాగితం ఓవెన్‌లో పొగలు కక్కుతుంది. బేకింగ్ కాగితమే వాడండి. 3 మిల్లీమీటర్ల మందాన, అంచులు పలచబడకుండా పరిచి, కాల్చకముందే గాట్లు పెట్టండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి, లేకుంటే మెత్తబడతాయి.