ఆరో తరగతి ఇంగ్లిష్ పీరియడ్: 45 నిమిషాలు ఎలా నడపాలి?

తెలుగులో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చాయంటే చదవడం వచ్చినట్టే. ఇంగ్లిష్ అలా కాదు. అక్షరాలు 26, పలికే ధ్వనులు దాదాపు 44. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు తడబడేది ఇక్కడే. అది తెలివికి సంబంధించిన విషయం కాదు. అందుకే పుస్తకం ముందే తెరవకండి. ముందు చెవి, తర్వాత నోరు.

మొదటి ఐదు నిమిషాలు

హాజరు పిలిచేటప్పుడు 'ప్రెజెంట్ టీచర్' బదులు ఏం తిన్నారో చెప్పమనండి. 'ఐ ఏట్ ఉప్మా' చాలు, ఉప్మాకి ఇంగ్లిష్ మాట వెతకక్కర్లేదు. పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చే పిల్లలూ ఉంటారు. కాబట్టి ఈ ప్రశ్న మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌లోనే అడగండి.

వాక్యాన్ని నడిపించండి

దీనికి పదిహేను నిమిషాలైనా ఇవ్వొచ్చు. మూడు అట్టముక్కల మీద 'నేను', 'గుడ్డు', 'తిన్నాను' అని, వాటి వెనకవైపు 'ఐ', 'ఏన్ ఎగ్', 'ఏట్' అని రాయండి. ముగ్గురు పిల్లల్ని వరసగా నిలబెట్టి తెలుగు వాక్యం చదివించండి. ఇప్పుడు అట్టలు తిప్పమనండి. 'ఐ ఏన్ ఎగ్ ఏట్' అని వస్తుంది. ఎవరు ఎక్కడికి జరగాలో క్లాసునే అడగండి. 'తిన్నాను' పట్టుకున్న పాప గుడ్డును దాటి మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. క్రియ చోటు మారడం బోర్డు మీద పదిసార్లు చెప్పినా ఎక్కదు. కళ్లముందు ఒక పాప నడిచి చూపిస్తే మర్చిపోరు.

చివరి శబ్దం

మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్సు, బుక్కు, పెన్ను అంటాం. తెలుగులో అవి సరైన మాటలే, తప్పని చెప్పకండి. ఇంగ్లిష్‌లో మాత్రం 'బస్' అన్నప్పుడు పాము బుసలాగా 'స్‌స్' దగ్గరే ఆగమనండి. రెండు నిమిషాల పని ఇది.

చదవడం

రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడులకూ ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఇప్పటికే చెప్పిన సైన్స్ పాఠంలోంచి నాలుగు లైన్లు తీసుకోండి. విషయం ముందే తెలుసు కనుక పిల్లలకు టెన్షన్ ఉండదు.

ఎవరైనా తప్పు చదివితే నవ్వనివ్వకండి. చిన్నప్పుడు నేను 'నైఫ్'ని 'క్నైఫ్' అని చదివితే క్లాసంతా నవ్వింది, మా సార్ కూడా నవ్వారు. ఆ సంవత్సరమంతా నేను చెయ్యి ఎత్తలేదు. పిల్లవాడు 'షీ గో' అంటే, 'ఓ, షీ గోస్ టు ద మార్కెట్?' అని మీరు మామూలుగా మాట కలపండి. సరైన రూపం వాడి చెవిన పడుతుంది.

రాయడం

చివరి పది నిమిషాలు సొంతంగా మూడు వాక్యాలు రాయించండి. గైడు చూసి కాపీ కొట్టిన పేజీ కంటే ఈ మూడే మేలు. దిద్దేటప్పుడు నోట్సంతా ఎర్ర ఇంకు చేయకుండా, ఒక్కో పుస్తకంలో ఒక్క తప్పుకే సున్నా చుట్టండి. మర్నాడు పీరియడ్ ఆ తప్పుతోనే మొదలుపెట్టొచ్చు.