మలివయసులో బరువు, బలం – 3వ పాఠం: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం

గత పాఠంలో బరువు, నడుము చుట్టుకొలత రాసిపెట్టుకోమన్నాం. ఈ వారం ఆ పక్కనే మూడో అంకె చేరుతుంది. అరనిమిషంలో చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరన్నది ఆ అంకె. మూడింటిలో ఒక్కటే ఉంచుకోమంటే మేం దీన్నే ఉంచుతాం.

బరువు తూచే యంత్రానికి కొవ్వేదో కండేదో తెలియదు. తిండి మాత్రం తగ్గించి, వ్యాయామం లేకుండా నాలుగు కిలోలు తగ్గితే అందులో ఇంచుమించు కిలో కొవ్వు కాని భాగమే కావచ్చు. అందులో కండా పోతుంది. ముప్పై ఏళ్లప్పుడు పోయిన కండ తిరిగి రావడం పెద్ద కష్టం కాదు. డెబ్బైలో అలా కాదు. బరువు మళ్లీ పెరిగితే చేరేది ఎక్కువగా కొవ్వే. అలా రెండుమూడు సార్లు తగ్గి పెరిగినవారు యంత్రం మీద పాత అంకె దగ్గరే ఉంటారు గానీ మెట్లెక్కడం మాత్రం ముందుకంటే కష్టమవుతుంది. వయసుతో ఇలా కండ కరిగిపోవడానికి ఇర్విన్ రోసెన్‌బర్గ్ 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు.

కరిగిన కండకు బలం తిరిగి వస్తుందా అంటే, వస్తుంది. 1990లో మరియా ఫియటరోన్ బృందం వృద్ధాశ్రమంలో ఉంటున్న 86–96 ఏళ్లవారి చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. తొడ ముందు కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. వాళ్లు చేసింది నామమాత్రపు కసరత్తు కాదు, కండకు నిజంగా బరువనిపించేంత పని. ఈ పాఠంలో ఆ బరువు మీ ఒళ్లే.

ముందు పరీక్ష

చేతులూ చక్రాలూ లేని, సీటు గట్టిగా ఉన్న కుర్చీ తీసుకోండి. నేల నుంచి సీటు ఎత్తు 43 సెం.మీ. ఉండాలి. వెనక్కి జారకుండా గోడకు ఆనించండి. సీటు మధ్యలో కూర్చుని, చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా నిలబడ్డారో లెక్కపెట్టండి. సమయం అయ్యేసరికి సగానికి పైగా లేచి ఉంటే అదీ ఒకటి కిందే లెక్క. చేతులు వాడితే మాత్రం సున్నా.

65–69 ఏళ్ల మగవారికి 12 కంటే, ఆడవారికి 11 కంటే తక్కువ వస్తే కాళ్ల బలం సగటు కంటే తక్కువని అర్థం. 75–79లో ఆ హద్దులు 11, 10. పడిపోయే ప్రమాదాన్ని అంచనా వేయడానికి వాడే కొలత ఇది. సున్నా వచ్చినా బాధపడకండి, దానికీ దారి ఉంది, కింద చెప్తాం.

లేచే పద్ధతి

సీటు ముందు అంచుకు జరగండి. పాదాలు తుంటి వెడల్పున, మడమలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి ఉండాలి. చాలామంది లేవలేకపోవడానికి కారణం బలహీనత ఒక్కటే కాదు, పాదాలు ముందుకు చాచి ఉండడం. ఒంటి బరువు పాదాల మీదికి రానిదే ఎవరూ లేవలేరు.

వెన్ను నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగండి. ముక్కు కాలివేళ్ల పైకి వచ్చేదాకా వంగితే పిరుదులు వాటంతటవే సీటు నుంచి తేలికవుతాయి. అప్పుడు నేలను పాదాలతో కిందికి నొక్కుతూ, ఊపిరి వదులుతూ లేవండి. ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. పైన పూర్తిగా నిటారై ఒక్క క్షణం ఆగండి.

దిగడం లేవడం కంటే ముఖ్యం. మనసులో నాలుగు లెక్కపెడుతూ దిగండి. చివరి పది సెంటీమీటర్లలో ధబ్బున కూలబడుతున్నారంటే ఆ లోతులో కండకు ఇంకా పట్టు రాలేదన్నమాట. సీటు ఎత్తు పెంచుకోవాలే తప్ప అలా కూలబడుతూ చేయకూడదు. వెన్నెముకకు అది మంచిది కాదు, ఎముకలు గుల్లబారినవారికి అసలే కాదు.

లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒరుగుతుంటే వాటిని రెండో కాలివేలి వైపు నెట్టి ఉంచండి. పక్క పిరుదు కండరాలు బలహీనమైనప్పుడు ఇలా జరుగుతుంది. మోకాలిచిప్ప ముందు నొప్పి వస్తే పాదాలు మరీ వెనక్కి ఉన్నాయేమో, సీటు మరీ కిందికి ఉందేమో చూడండి. పాదాలు కాస్త ముందుకు జరిపి ఇంకొంచెం ఎక్కువ వంగితే భారం మోకాలి నుంచి తుంటికి మారుతుంది.

ఇప్పుడు సున్నా వచ్చినవారి సంగతి. సీటు మీద అణగని వస్తువు ఏదైనా, గట్టిగా మడిచిన దుప్పట్లయినా సరే, పది సెంటీమీటర్ల ఎత్తు వేసుకోండి. మెత్తటి దిండు పనికిరాదు, కూర్చోగానే అణిగి ఎత్తు పోతుంది. అప్పటికీ లేవలేకపోతే తొడల మీద చేతులు నొక్కి లేవండి, దిగేటప్పుడు మాత్రం చేతులు తీసేయండి. దిగేటప్పుడు కండరం లేచేటప్పటి కంటే ఎక్కువ భారం ఓర్చుకుంటుంది. కాబట్టి లేవలేనివారు కూడా నెమ్మదిగా దిగగలరు, ఆ దిగడంతోనే లేచే బలం వస్తుంది.

ఎంత చేయాలి

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. పరీక్షలో వచ్చిన అంకెలో సగం ఒక సెట్: పది వస్తే ఐదు. మొదటి రెండు వారాలు రెండు సెట్లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. మూడో వారం నుంచి మూడు సెట్లు, వారానికి ఒకటి చొప్పున పెంచుతూ సెట్‌కు పన్నెండు దాకా. సెట్ ఆపేసరికి "ఇంకో రెండో మూడో చేయగలను" అనిపించాలి. ఇంకో పది చేయగలననిపిస్తే ఆ పని కండకు చాలదు. అప్పుడు సీటు ఎత్తు తగ్గించండి, లేదా రెండు కిలోల బరువు ఛాతీకి హత్తుకోండి. సంఖ్య ఇరవై, ముప్పై అని పెంచుకుంటూ పోవద్దు, దాంతో ఓపిక పెరిగినంతగా బలం పెరగదు.

మర్నాడూ ఆ పైరోజూ తొడలు నొప్పిగా ఉండడం మామూలే. కీలు లోపల గుచ్చినట్టుంటే, వాస్తే, ఆపేయాలి. ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం, మాట రానంత ఆయాసం వస్తే అక్కడికక్కడే ఆపి వైద్యసాయం పొందండి. ఇటీవల తుంటి మార్పిడి అయినవారు ఎంత వంగవచ్చో శస్త్రచికిత్స చేసిన డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఇన్సులిన్, చక్కెర తగ్గించే మాత్రలు, బీపీ మందులు వాడేవారు తిండి తగ్గించే ముందే డాక్టరుతో మాట్లాడాలి. తిండి తగ్గి మందు మోతాదు అలాగే ఉంటే చక్కెరో రక్తపోటో ప్రమాదకరంగా పడిపోవచ్చు.

తిండితో ముడి

వ్యాయామం కండను కట్టమని చెప్తుంది, కట్టడానికి ప్రొటీన్ కావాలి. ఈ వయసులో రోజుకు ఒంటి బరువులో కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు. 70 కిలోలవారికి 70–84 గ్రాములు. అదంతా రాత్రి భోజనంలో కాకుండా మూడు పూటలకూ పంచి, పూటకు 25 గ్రాముల దాకా తినండి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటుంది కాబట్టి ఉదయం ఒక గుడ్డుతో సరిపెట్టుకుంటే చాలదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు, డాక్టరు చెప్పిందే వారి లెక్క.

బరువు వారానికి పావు కిలో నుంచి అరకిలో తగ్గితే చాలు. నాలుగు వారాలకోసారి అదే కుర్చీతో, రోజులో అదే సమయానికి పరీక్ష మళ్లీ చేయండి. బరువు తగ్గి, అంకె నిలిచినా పెరిగినా సరైన దారే. బరువుతోపాటు అంకె కూడా రెండు పడిపోతే రెండు వారాలు తిండి తగ్గించడం ఆపి, ప్రొటీన్ లెక్క సరిచూసుకోండి. వ్యాయామం మాత్రం ఆపొద్దు.

వచ్చే పాఠం మెట్టు ఎక్కడం. దానికి 15–20 సెం.మీ. ఎత్తుండి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉన్న మెట్టు ఒకటి చూసిపెట్టుకోండి.