కొత్త ఆహార నియమం, వ్యాయామం మొదలుపెట్టాక బరువు పెరిగితే ఏం చేయాలి

అన్నం తగ్గించి కొర్రలకు మారి, తెల్లవారగానే హైదరాబాదు కేబీఆర్ పార్కు చుట్టూనో ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనో నడుస్తూ, లేదా వీధి చివరి జిమ్‌లో చేరి పది రోజులు కష్టపడ్డాక బరువు చూసుకుంటే కిలోన్నర పెరిగి కనిపించడం అరుదైన విషయం కాదు. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే మొదటి వారాల్లో పెరిగే ఆ బరువులో ఎక్కువ భాగం నీరే తప్ప కొవ్వు కాదు. అందువల్ల తిండి ఇంకా తగ్గించే ముందు, పెరిగినది ఏమిటో తెలుసుకోవాలి.

ముందుగా ఒక లెక్క వేసుకోండి. శరీరంలో కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదానికన్నా సుమారు 7,700 కిలోక్యాలరీలు అదనంగా తినాలి. పది రోజుల్లో కిలోన్నర కొవ్వు పెరగాలంటే రోజుకు దాదాపు 1,150 కిలోక్యాలరీలు ఎక్కువ తిని ఉండాలి. అంటే 2,000 కిలోక్యాలరీలు సరిపోయే మనిషి రోజూ ఒకటిన్నర రెట్లకు పైగా భోజనం చేసినట్లు. మీరు అలా తినలేదని మీకు తెలుసు కనుక ఆ బరువు వేరే చోటి నుంచి వచ్చిందని అర్థం.

అది రెండు దారుల్లో వస్తుంది. అలవాటు లేని బరువులు ఎత్తినప్పుడు, గుంజీలు తీసినప్పుడు కండరాల పోగుల్లో సూక్ష్మమైన గాయాలవుతాయి. వాటిని మాన్పుకొనే క్రమంలో శరీరం అక్కడికి నీటిని చేరుస్తుంది; మరునాడో, ఆ మరునాడో మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసినట్లుండేది ఈ దశలోనే. రెండవది, వ్యాయామానికి అలవాటు పడే కండరాలు గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వను పెంచుకుంటాయి, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వ 200 గ్రాములు పెరిగితే నీటితో కలిపి 800 గ్రాములు పెరిగినట్లే. ఇదంతా శరీరం దారిలో పడుతోందనడానికి గుర్తు. అయితే "కండ పెరిగిందిలెండి" అని జిమ్‌లో చెప్పే మాటను మొదటి పది రోజుల్లో నమ్మవద్దు. అంత త్వరగా కిలో కండ ఎవరికీ పెరగదు. కండ కోసం క్రియాటిన్ అనే పొడి వాడుతున్నవారికి మాత్రం దానివల్ల మరో కిలో, రెండు కిలోల వరకు నీరు చేరవచ్చు.

ఉప్పు సంగతి కూడా చూసుకోవాలి. చెమట పడుతోందని ఉప్పు వేసిన మజ్జిగ, ఎలక్ట్రోలైట్ (లవణాల) పొడి కలిపిన నీళ్లు, చప్పిడి కూరల్లో నంజుకోవడానికి ఆవకాయ చేరితే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజుకు 5 గ్రాముల హద్దు సులభంగా దాటుతుంది, దాని వెంట నీరూ నిలుస్తుంది. గంట నడకకు మామూలు నీళ్లు చాలు. బరువు తగ్గాలని నీళ్లు తాగడం మాత్రం తగ్గించవద్దు. స్త్రీలకు నెలసరికి ముందు రోజుల్లో నీరు చేరడం సహజం కాబట్టి, ఈ నెల బరువును పోయిన నెల అదే రోజుల బరువుతో పోల్చుకోవడం న్యాయం.

ఇక తూచుకునే పద్ధతి. ఉదయం లేచి మలమూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తాగకముందు, ఒకే రకమైన పలుచని బట్టలతో, రోజూ ఒకే చోట తూచుకోవాలి. మన పాత ఇళ్లలో షాబాదు బండల నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. యంత్రం ఒక కాలు రెండు బండల నడుమ సందులో పడితే అంకె మారిపోతుంది, కనుక నాలుగు కాళ్లూ ఒకే బండ మీద ఆనేలా పెట్టి, అక్కడ సుద్దతో గుర్తు గీసుకోండి. ఒక రోజుకూ మరో రోజుకూ కిలో తేడా రావడం మామూలే కాబట్టి, ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోకుండా వారం అంకెల సగటును రాసుకోవాలి. వారానికి ఒకసారి నడుము కొలత కూడా తీసుకోండి: చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, పొట్ట లోపలికి పీల్చకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. బరువు సగటు కదలకపోయినా నడుము తగ్గుతోందంటే మీ పద్ధతి పనిచేస్తోంది. నా దృష్టిలో ఈ టేపు మాట బరువు యంత్రం మాటకన్నా నమ్మదగినది.

నాలుగు నుంచి ఆరు వారాలు గడిచాక కూడా సగటు బరువు, నడుము రెండూ పెరుగుతూనే ఉంటే, అప్పుడు పళ్లెం వైపు చూడాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల బియ్యానికి 350కి కాస్త పైన, జొన్నలకు 330కి కాస్త పైన కిలోక్యాలరీలు ఉన్నాయి. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, అది మేలే. కానీ ఆరోగ్యకరమని మరో రొట్టె వేసుకుంటే ఆ కొద్ది తేడా పోతుంది. బెల్లం చక్కెరకన్నా శక్తిలో పెద్దగా తక్కువది కాదు. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 240 కిలోక్యాలరీలు. ఇంటికి వచ్చి టీవీ ముందు రెండు గుప్పెళ్ల పల్లీలు తింటే అంతకు మించే లోపలికి వెళుతుంది. పల్లీలు మంచివే, కానీ గిన్నెలో కొలిచి పెట్టుకొని డబ్బా మూసేయాలి. నూనెను గరిటెలతో లెక్కించడం కష్టం, కనుక ప్యాకెట్ తెరిచిన తేదీని దాని మీదే రాయండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతుంటే, మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే 270 కిలోక్యాలరీలు నూనె రూపంలోనే అందుతున్నాయి.

కొన్ని సందర్భాల్లో వేచి ఉండకూడదు. పిక్క ముందు ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట పడి నిలిచిపోవడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావడం, వాటితోపాటు బరువు రోజురోజుకూ పెరగడం కనిపిస్తే గుండె, మూత్రపిండాలు, కాలేయం సంగతి తేల్చుకోవడానికి అదే రోజు వైద్యుని కలవాలి. మొదటిసారి తీవ్రంగా వ్యాయామం చేశాక భరించలేని కండరాల నొప్పితో మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఇవేవీ లేకుండా బరువు పెరుగుతూ, విపరీతమైన నీరసం, మలబద్ధకం, నెలసరి క్రమం తప్పడం వంటివి ఉంటే థైరాయిడ్, పీసీఓఎస్ (స్త్రీలలో అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్షల గురించి అడగండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా బరువు పెంచుతాయి. వాటిని సొంతంగా మానకుండా, మందుల చీటీలనూ మీరు రాసుకున్న బరువు, నడుము కొలతల పుస్తకాన్నీ వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి.