చైనా పండితాధికారి జీవితాన్ని బడిపిల్లలకు చెప్పే పద్ధతి

ఒంగోలులోనో కావలిలోనో హైస్కూలు పిల్లలకు, పరీక్షలు నెగ్గి ప్రభుత్వ కొలువు సంపాదించిన చైనా పండితాధికారి గురించి పాఠం చెప్పేవారు రాజవంశాల పట్టికతో కాక, పరీక్ష గదితో మొదలుపెట్టడం మంచిది. నేలమీద సుద్దముక్కతో మనిషి కాళ్లు చాపుకోవడానికి చాలనంత గడి గీసి, అందులో ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టాలి. మింగ్, చింగ్ వంశాల కాలంలో మూడేళ్లకొకసారి జరిగే ప్రాంతీయ పరీక్షకు వచ్చినవాడు అటువంటి గదిలోనే, రెండు చెక్కపలకలను పగలు బల్లగా, పీటగా, రాత్రి మంచంగా వాడుకుంటూ గడిపేవాడని అప్పుడు చెప్పాలి. తరువాత ఒకరు నల్లసిరాతో రాసిన జవాబుకు మరొకరిచేత ఎర్రసిరాతో నకలు రాయించి, ఆ నకలునే దిద్దించాలి. దస్తూరిని బట్టి తమవాణ్ణి గుర్తుపట్టకుండా అక్కడ చేసిన ఏర్పాటు ఇదే. (మన జవాబు పత్రాలమీద పేరు దాచే పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే.)

ఉద్యోగం సంగతికి వచ్చాక, నియామకపు నిబంధన దగ్గర కాసేపు ఆగాలి. చింగ్ కాలపు కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) అధికారి సాధారణంగా సొంత ప్రాంతంలో పనిచేయరాదు. మన లెక్కన నెల్లూరువాడికి నెల్లూరే కాదు, రాష్ట్రంలో ఏ జిల్లా దక్కదు. అక్కడి యాస కూడా అర్థంకాని చోట పన్నుల వసూలు, తగవుల తీర్పు రెండూ అతని మెడకే చుట్టుకునేవి కనుక, ఊరి ఆనుపానులెరిగిన గుమాస్తాలమీద ఆధారపడక తప్పేది కాదు. తల్లి గాని తండ్రి గాని పోతే కొలువు వదిలి 27 నెలలు సంతాపం పాటించాలి. పిల్లలు ప్రశ్నలు కురిపించేది ఇక్కడే కాబట్టి తొందరపెట్టకూడదు. 1905లో పరీక్షలు రద్దయిన సంగతిని బోర్డుమీద రాసి వదిలేసినా చాలు.