"వెళ్ళేవాణ్ణి" అంటే ఇబా, ఇరీయా? స్పానిష్ కండిషనల్‌తో వచ్చే చిక్కులు

స్పానిష్‌లో కండిషనల్, అంటే "అలా అయితే ఇలా జరిగేది" అని చెప్పే క్రియారూపం, కట్టడం తేలికే. చిక్కంతా దాన్ని ఎక్కడ వాడాలో తేల్చుకోవడంలోనే, అందులో సగం మన తెలుగు తెచ్చిపెట్టేదే. స్పానిష్ మాటల్ని ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. హెచ్ పలకదు, వి మనకి బ లాగే వినిపిస్తుంది.

"డబ్బుంటే వెళ్ళేవాణ్ణి" అనబోతే "ఇబ" వచ్చేస్తోంది

కారణం మన క్రియలోనే ఉంది. "చిన్నప్పుడు రోజూ చెరువుకి వెళ్ళేవాణ్ణి", "డబ్బుంటే వెళ్ళేవాణ్ణి". రెండు చోట్లా ఒకటే మాట. మొదటిది నిజంగా జరిగిన అలవాటు, రెండోది అసలు జరగనే లేదు. స్పానిష్ ఈ రెంటినీ విడదీస్తుంది. అలవాటుకి ఇంపర్ఫెక్ట్, అంటే "ఇబ". జరగనిదానికి కండిషనల్, అంటే "ఇరీయ".

పరిష్కారం: వాక్యంలో "రోజూ" పెట్టి చూడండి. అతికితే ఇబ. అతక్కుండా వెనకాల ఏదో ఒక "అయితే", "ఉంటే" దాక్కుని కనిపిస్తే ఇరీయ. నేను చాలాకాలం ఈ పరీక్ష పెట్టుకోకుండానే నెట్టుకొచ్చాను. ఇంగ్లీషు వుడ్‌ని నమ్ముకుంటే ఇంకా ప్రమాదం, అది కూడా రెండు పనులూ చేస్తుంది. స్పెయిన్‌లో మాటల్లో ఇరీయ బదులు ఇబ అనేవాళ్ళు లేకపోలేదు. అది వాళ్ళ చనువు. పరీక్షలో మనం రాస్తే మార్కులు పోతాయి.

రెండో సగం సరే, "సి" (మన "ఉంటే", "అయితే") ఉన్న సగం తప్పుతోంది

"టైముంటే వెళ్తాను", "టైముంటే వెళ్ళేవాణ్ణి". చూశారా, "టైముంటే" కదల్లేదు! తెలుగులో తేడా అంతా చివరి క్రియ మోస్తుంది. అందుకే మనవాళ్ళు "సి తెంగొ తియెంపొ, ఇరీయ" అనేస్తారు. తప్పని తెలిశాక, కండిషనల్ కదా అని "సి తెన్‌ద్రీయ తియెంపొ" అంటారు. అదీ తప్పే. స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతంలో, బుర్గోస్ వైపు పుట్టి పెరిగినవాళ్ళు కూడా అలా అంటారు. కాబట్టి మరీ టెన్షన్ పడకండి, కానీ నేర్చుకోకండి.

వెళ్ళే అవకాశం నిజంగా ఉంటే: సి తెంగొ తియెంపొ, ఇరె.
లేదని తెలిసే అంటుంటే: సి తుబియెర తియెంపొ, ఇరీయ.

ఆ "తుబియెర" ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే బట్టీ పట్టక్కర్లేదు. "వాళ్ళు" అనే భూతకాల రూపం తీసుకోండి: తుబియెరొన్. చివరి రొన్ తీసి ర పెట్టండి: తుబియెర. ఫుఎరొన్ నుంచి ఫుఎర, సుపియెరొన్ నుంచి సుపియెర. ఇది ఏ క్రియకీ తప్పదు.

గడిచిపోయిన సంగతైతే "సి ఉబియెర తెనిదొ తియెంపొ, అబ్రీయ ఇదొ". అంటే "టైముండి ఉంటే వెళ్ళి ఉండేవాణ్ణి".

"అసెరీయ", "పొనెరీయ" అంటే నవ్వుతున్నారు

మామూలు క్రియకి ఏమీ తీసేయకుండా, మొత్తం మాటకే ప్రత్యయం తగిలించాలి. అబ్లర్, కొమెర్, బిబిర్ మూడిటికీ అవే ప్రత్యయాలు: ఈయ, ఈయస్, ఈయ, ఈయమొస్, ఈయయిస్, ఈయన్. (చివరిది "వాళ్ళు", మన "ఈయన" కాదు!) ఈ మీద గీత రాయడం మాత్రం ఎక్కడా మరవొద్దు. "నేను", "అతను" రూపాలు ఒకటే కాబట్టి అయోమయం ఉన్నచోట యొ, ఎల్ చేర్చండి.

మొండికేసేవి పన్నెండు. దెసిర్‌కి దిరీయ, అసెర్‌కి అరీయ. పొదెర్, సబెర్, అబెర్, కబెర్, కెరెర్ మధ్యలో ఎ మింగేస్తాయి: పొద్రీయ, సబ్రీయ, అబ్రీయ, కబ్రీయ, కెర్రీయ. తెనెర్, పొనెర్, బెనిర్, సలిర్, బలెర్ మధ్యలో ద తెచ్చుకుంటాయి: తెన్‌ద్రీయ, పొన్‌ద్రీయ, బెన్‌ద్రీయ, సల్‌ద్రీయ, బల్‌ద్రీయ. వీటి నుంచి పుట్టిన మాటలూ చాలావరకు అదే దారిలో నడుస్తాయి (బెందెసిర్, మల్దెసిర్ మాత్రం మామూలు క్రియల్లాగే: బెందెసిరీయ, మల్దెసిరీయ). భవిష్యత్ కాలానికీ ఇవే మొదళ్ళు, ఒకసారి కష్టపడితే రెండిటికీ సరిపోతుంది.

"వస్తానన్నాడు" అంటే ఎవరొస్తారో అర్థం కావడం లేదంటున్నారు

మనం అతని మాటని ఉన్నదున్నట్టు దించుతాం, "వస్తాను" అని. స్పానిష్‌లో అది కుదరదు. "దిహొ కె బెన్‌ద్రీయ" అనాలి. రావడం ఇంకా ముందుంటే భవిష్యత్ రూపం బెన్‌ద్రా కూడా చెల్లుతుంది.

సలహా ఇవ్వబోతే వర్తమానం దొర్లుతోంది

"నేనైతే వెళ్ళను" అని మనం మామూలుగానే అంటాం. వాళ్ళు "యొ కె తు, నొ ఇరీయ" అంటారు.

"సెరీయన్ లస్ త్రెస్" విని షరతు ఎక్కడా అని వెతుకుతున్నారు

షరతేమీ లేదు, అంచనా. అప్పటికి మూడై ఉంటుందని అర్థం.

"కెర్రీయ" అన్నా "కెరీయ" అనే వినిపిస్తోంది

ర నాలుక మీద గట్టిగా మోగితే కండిషనల్, ఒక్కసారి తగిలితే ఇంపర్ఫెక్ట్. కాఫీ అడగడానికి అయితే ఈ తంటా అక్కర్లేదు. మర్యాదగా "కెరీయ" (కావాలి) అన్నా నడుస్తుంది. "కిసియెర ఉన్ కఫె" అంటే ఇంకా మర్యాద.