వానాకాలం టూరుకు ముందు: బండి వెనక చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి

జూన్ దాటిందంటే మారేడుమిల్లి, లంబసింగి, శ్రీశైలం ఘాట్ రోడ్ల మీదికి బళ్లు బయల్దేరతాయి. లడఖ్ వెళ్లేవాళ్లకూ అదే అదను. గుంతల్లో నీళ్లు, వాగుల దగ్గర బురద, వెనక సీట్లో మనిషి, రెండు పక్కలా పెట్టెలు. ఈ భారమంతా పడేది వెనక సస్పెన్షన్ మీదే. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనక ‘కిర్రు’మనో ‘టక్’మనో వినిపిస్తుంటే కనీసం రెండు వారాల ముందు చూసుకోండి. లింకేజ్ (షాకునూ వెనక చక్రాన్ని మోసే చేయినీ కలిపే లింకులు) బేరింగులు, కాలర్లు, సీళ్లు వీధి చివరి స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే సరుకు కాదు. బయల్దేరే ముందు రోజు విప్పి చూసి, బేరింగ్ పోయిందని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఉదాహరణకు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 తీసుకుందాం. దీని వెనక ఒకే షాక్ ఉంటుంది, చక్రం 180 మి.మీ. దాకా పైకీ కిందికీ కదులుతుంది. షాక్ కింది కొస వెనక చక్రాన్ని పట్టుకునే చేయి అయిన స్వింగ్ ఆర్మ్‌కు నేరుగా తగలదు, మధ్యలో లింకేజ్ ఉంటుంది. చిన్న కుదుపుకు మెత్తగా, పెద్ద గుంతకు గట్టిగా ఉండేలా చేసేది అదే. కానీ అది ఉండే చోటు ఇంజిన్ వెనక, అడుగున, టైరు చిమ్మే బురద తిన్నగా వచ్చి పడే చోట. ప్రతి కీలులోనూ ఒక స్టీలు కాలర్ (బోల్టు దూరే గొట్టం), దాని చుట్టూ బేరింగో బుషో, పక్కన రబ్బరు సీలు ఉంటాయి. గ్రీజు కరిగిపోయి నీళ్లు చేరితే తుప్పు, తుప్పు పడితే చప్పుడు. లింకేజ్ ఉన్న ఏ టూరింగ్ బండికైనా ఇదే వరస. క్లాసిక్ 350, ఇంటర్‌సెప్టర్ 650 లాంటి రెండు షాకుల బళ్లకు లింకేజ్ ఉండదు కాబట్టి షాకు కొసల్లోని రబ్బరు బుష్‌లు, స్వింగ్ ఆర్మ్ కీలు చూస్తే చాలు.

విప్పే ముందు వేరు చేయండి

వెనక వచ్చే చప్పుడంతా సస్పెన్షన్‌ది కాదు. లింకేజ్ మొత్తం విప్పి గ్రీజు పెట్టి బిగించాక, చప్పుడు లగేజీ ర్యాక్ బోల్టుదని తేలితే ఒక పూట వృథా. అందుకే పెట్టెలు, ర్యాకు, టాప్ బాక్సు, సీటు కింద టూల్ కిట్ అన్నీ తీసేయండి. అదే స్పీడ్ బ్రేకర్ మీద, అదే వేగంతో మళ్లీ వెళ్లండి. చప్పుడు పోతే ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ వెతకండి.

పోకపోతే మెయిన్ స్టాండును పాత ట్యూబు ముక్కతో పైకి గట్టిగా కట్టేసి మరోసారి వెళ్లండి. స్ప్రింగు సాగిపోయిన స్టాండు ప్రతి గుంతకూ ఎగిరి కొట్టుకుంటుంది, ‘టంగ్’మన్న ఆ చప్పుడు అచ్చం షాకు కొట్టుకున్నట్టే వినిపిస్తుంది. తర్వాత గతుకుల మీద వెళ్తూ వెనక బ్రేకు కొద్దిగా నొక్కి పట్టండి. అప్పుడు ఆగిపోతే బ్రేకు ప్యాడ్లో, వాటి పిన్నో, క్లిప్పో లూజుగా ఉన్నట్టు. గతుకులతో పని లేకుండా, యాక్సిలరేటర్ తిప్పినప్పుడూ వదిలినప్పుడూ మాత్రమే ‘డబ్’మంటే చక్రం హబ్‌లోని రబ్బర్లు అరిగాయి లేదా చైను వదులైంది. సైలెన్సర్ క్లాంపు, నంబర్ ప్లేటు, మడ్‌గార్డు బోల్టులకు చెయ్యి పెట్టి ఊపి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

చైను దగ్గర ఒక మాట. వదులు చైను స్లైడర్‌ను కొట్టి చప్పుడు చేస్తుందని అందరికీ తెలుసు. మరీ బిగిసిన చైను ఇంకా ప్రమాదం. సస్పెన్షన్ కుంగుతూ గేర్‌బాక్స్ స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చేసరికి చైను అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. మెయిన్ స్టాండు మీద సరిగ్గా కనిపించినది ఇద్దరు కూర్చునేసరికి తీగలా లాగుతుంది, కుదుపుకు కుంగాల్సిన సస్పెన్షన్‌ను ఆపేస్తుంది, బేరింగులనూ తినేస్తుంది. మాన్యువల్ చెప్పిన కొలతకు సరిచేసి, ఇద్దరు కూర్చున్నాక కూడా కొంత ఆడుతోందో లేదో మూడో మనిషితో చూపించండి.

కదలని బండి మీద పరీక్ష

ఇద్దరు కావాలి. ఒకరు సీటు మీద చేతులతో నెమ్మదిగా నొక్కి వదులుతుండాలి. రెండోవారు పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను లింకేజ్ బోల్టు తల మీద, షాకు పై బోల్టు మీద, స్వింగ్ ఆర్మ్ కీలు మీద వరసగా పెట్టి పిడిని చెవికి ఆనించాలి. ఎక్కడ గట్టిగా వినిపిస్తే మూలం అక్కడే. వేళ్లు మాత్రం లింకుల మధ్యకు పోనివ్వకండి. ఇంకో ఉపాయం: అనుమానం ఉన్న కీలు మీద సీసాతో నీళ్లు పోసి మళ్లీ నొక్కండి. కిర్రు తగ్గి, ఆరాక మళ్లీ వస్తే అక్కడ పొడిబారిందన్నమాటే.

తర్వాత మెయిన్ స్టాండు వేసి వెనక చక్రం గాల్లోకి లేపండి. టైరును పైనా కిందా పట్టుకుని పక్కలకు ఊపండి, తర్వాత ముందూ వెనకా పట్టుకుని ఊపండి. చక్రం మాత్రమే ఆడితే వీల్ బేరింగ్. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ కూడా పక్కలకు ఆడితే దాని కీలు. ఇప్పుడు టైరు అడుగున చెయ్యి పెట్టి సున్నితంగా పైకి ఎత్తండి. షాకు కుంగకముందే ‘టిక్’మని కొంచెం ఖాళీ కదలిక తగిలితే అది లింకేజ్‌లోనో షాకు కొసల్లోనో ఉన్న ప్లే. ఇంకొకరు ఒక్కో కీలు మీద వేలు ఆనించి ఉంచితే ఎక్కడ కదులుతోందో తెలిసిపోతుంది.

కిర్రు మాత్రమే వచ్చి ప్లే లేకపోతే గ్రీజుతో సరిపోతుంది. చేతికి ప్లే తగిలితే గ్రీజు దాన్ని నాలుగు రోజులు దాచిపెడుతుందే తప్ప బాగుచేయదు.

లింకేజ్ విప్పి గ్రీజు పెట్టడం

నేల గట్టిగా, సమంగా ఉండాలి. మెయిన్ స్టాండు మీద బండి నిలిపి, ముందు బ్రేకు లివర్‌ను పట్టీతో కట్టేయండి. వెనక టైరు కింద చెక్క ముక్కలు సర్ది స్వింగ్ ఆర్మ్ బరువును అవి మోసేలా చూడండి. బరువు సరిగ్గా తేలినప్పుడు బోల్టు చేత్తో జారి వస్తుంది. సుత్తి కావాల్సి వస్తోందంటే చెక్క ఎత్తు మార్చాలి. ఇక్కడ తొందరపడి కొడితే మర చెడుతుంది.

విప్పే ముందు ఫోటోలు తీయండి: బోల్టు ఏ వైపు నుంచి దూరింది, లింకు ప్లేటు ఏ ముఖం బయటికి ఉంది, ఏ వాషర్ ఎక్కడుంది. లింకు తిరగబడితే సీటు ఎత్తే మారిపోవచ్చు. ఒక్కో బోల్టు, దాని నట్టు, వాషర్లు వేర్వేరు గిన్నెల్లో పెట్టండి. కాలర్‌ను పళ్లెం మీద పట్టుకునే లాగాలి. కొన్ని బేరింగుల్లో సూదులకు (సన్నని స్టీలు కడ్డీలకు) గూడు ఉండదు, కాలర్ రాగానే రాలిపోతాయి. ఒక్క సూది తక్కువైనా ఆ బేరింగ్ పనికిరాదు.

అన్నీ కిరోసిన్‌తో కడిగి, పొడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. కిరోసిన్ తడి మీద పెట్టిన గ్రీజు నిలవదు. కాలర్ మీద గోరు గీసి చూడండి. గోరు తట్టుకునే గాడి ఉంటే కాలర్, బేరింగ్ రెండూ మార్చాలి. గాడి పడ్డ కాలర్‌తో కొత్త బేరింగ్ త్వరగా పోతుంది. మచ్చలా ఉన్న పైపై తుప్పు అయితే బాగా సన్నని ఎమరీ కాగితంతో పోతుంది.

నీటికి కరగని నంబర్ 2 లిథియం కాంప్లెక్స్ గ్రీజు వాడండి. సూదుల మధ్యకు వేలితో నొక్కి నింపండి, కాలర్ మీద పలచగా, సీలు పెదవి మీద కొంచెం రాయండి. సీలు చిరిగి ఉంటే ఎంత గ్రీజు పెట్టినా మొదటి వాగులోనే పోతుంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టి చప్పుడు ఆపే అలవాటు మానుకోండి. అది మిగిలిన గ్రీజును కడిగేస్తుంది, రెండు రోజుల నిశ్శబ్దం తర్వాత తుప్పు మిగులుతుంది. డిస్కు మీద తుంపర పడితే బ్రేకూ పోతుంది.

బోల్టులు ముందు చేత్తో ఎక్కించి, మాన్యువల్‌లోని టార్కుకు (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తో బిగించండి. లోపల నైలాన్ రింగు ఉన్న నట్లు కొత్తవి వేయడం మేలు. షాకు కొసలో లోహానికి అతుక్కున్న రబ్బరు బుష్ ఉంటే చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే ఇవ్వాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి మళ్లీ కిర్రుమంటుంది.

షాకు, స్ప్రింగు బిగువు

షాకు రాడ్డు మీద నూనె జిడ్డు, దానికి అంటిన మట్టి కనిపిస్తే సీలు పోయింది. వెనక భాగాన్ని బలంగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగితే డ్యాంపింగ్ (ఊపును అణిచే గుణం) లేదు. గ్యాసు నింపిన షాకును ఇంట్లో విప్పకండి, వేడి చేయకండి, రంధ్రం పెట్టకండి. లోపల ఒత్తిడి ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది.

పెద్ద గుంతలో మాత్రమే ‘ధబ్’మంటే షాకు అడుగంటుతోంది. స్ప్రింగు బిగువు కొలవండి. చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ మధ్య నుంచి తోక భాగం మీద గుర్తు దాకా కొలత తీసుకోండి, ఉదాహరణకు 600 మి.మీ. టూరులో వేసుకునే జాకెట్, బూట్లతో మీరు, వెనక మనిషి, సామాను అన్నీ ఎక్కాక మళ్లీ కొలవండి. తేడా 54 నుంచి 60 మి.మీ. మధ్య, అంటే 180లో 30 శాతం నుంచి మూడో వంతు దాకా ఉంటే బాగుంటుంది. 75 వస్తే సీ స్పానర్‌తో (స్ప్రింగు రింగును తిప్పే కొక్కెం స్పానర్‌తో) బిగువు పెంచాలి. ఎంత పెంచినా ఆ కొలత రాకపోతే సామాను తగ్గించండి, లేదా మీ బరువుకు గట్టి స్ప్రింగు వేయించండి.

బయల్దేరాక

పని అయ్యాక 50 కి.మీ. తిరిగి వచ్చి, విప్పిన ప్రతి బోల్టు టార్కు మళ్లీ చూడండి. బోల్టు తలకూ ఫ్రేముకూ కలిపి పెయింటుతో ఒక గీత పెడితే, దారిలో వదులైతే కంటికే తెలుస్తుంది. వాటర్ వాష్‌లో ప్రెషర్ గొట్టాన్ని లింకేజ్ వైపు, వీల్ బేరింగుల వైపు పట్టనివ్వకండి. మామూలు పైపు నీళ్లు, బ్రష్షు చాలు. సామాన్లో లింకేజ్ సైజు స్పానర్లు, ఒక అదనపు నట్టు, చిన్న డబ్బాలో అదే గ్రీజు ఉండాలి.

దారిలో కొత్తగా కిర్రు మొదలైతే కంగారు అక్కర్లేదు, ఊరు చేరాక చూసుకోవచ్చు. కానీ మలుపులో వెనక చక్రం పక్కకు జరిగినట్టు అనిపించినా, ‘టక్’ చప్పుడు గంట గంటకూ పెరుగుతున్నా, చక్రం దగ్గర గరగరమన్నా అక్కడే ఆపండి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడైతే మరీను. వెనక కూర్చున్న మనిషిని దించి, బండిని ట్రక్కు ఎక్కించి తీసుకెళ్లండి.